కూరగాయలు తక్కువగా తినడానికి ధరే కారణమా?

నగరాల్లోని కుటుంబాలు కూరగాయలు తక్కువగా తినడానికి ధరలే కారణమా అని మీరు అడిగారు. ఆదాయం చాలని ఇళ్ళలో ధరే కారణం. అక్కడ ముందు కడుపు నింపే ధాన్యం కొంటారు, మిగిలితేనే కూరగాయలు. కానీ కొనే స్తోమత ఉన్న ఇళ్ళలో మాత్రం కారణం వేరు: వాటిని కడిగి తరిగే తీరిక ఎవరికీ లేదు. నా అనుభవంతో ఈ మాట గట్టిగా చెబుతున్నాను.

మేమిద్దరం ఉద్యోగాలు చేస్తూ, ఆదివారం నాడే వారానికి సరిపడా కూరగాయలు తెచ్చి ఫ్రిజ్‌లో సర్దేవాళ్ళం. ఒక గురువారం రాత్రి కింది అర తెరిస్తే, పాలకూర కట్ట సంచిలోనే నీరు కారి, నల్లబడిన ఆకులు వేళ్ళకు జిగటగా అంటుకున్నాయి. బీన్సుకు మచ్చలు పడ్డాయి, వంకాయలు ముడతలు పడి మెత్తబడ్డాయి. పారేయబోయే ముందు తూచి చూస్తే 800 గ్రాములు తేలింది. బంగాళాదుంప వంటి పిండి దుంపలు కాకుండా, పండ్లూ కూరగాయలూ కలిపి మనిషికి రోజుకు కనీసం 400 గ్రాములు ఉండాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతుంది. అంటే ఇద్దరికి ఒక పూట కాదు, ఒక రోజంతటికీ సరిపోయేది చెత్తబుట్ట పాలైంది. రాత్రి ఎనిమిదింటికి ఇల్లు చేరిన మనిషికి, ఆకుకూరను ఇసుక పోయేదాకా మూడు నీళ్ళలో కడిగి, కాడలు తీసి, తరిగే ఓపిక ఉండదు. రెండు గుడ్లు పగలగొట్టి అట్టు వేసుకుంటే పది నిమిషాల్లో భోజనం ముగుస్తుంది.

ఇంకొక బాధ కూడా చెప్పాలి. కొన్న లెక్కనే తిన్న లెక్కగా భావించి, పైగా ఇంటి ఇల్లాలికి పోషకాహారం మీద అవగాహన లేదని రాసేవారిని చూస్తే నాకు కోపం వస్తుంది. మా ఇంట్లో అవగాహనకు లోటు లేదు. కోసే పని మొత్తం నా భార్య ఒక్కరి మీదే పడింది, అది నా తప్పు. ఆ తర్వాత వారానికి రెండుసార్లు కొద్దికొద్దిగా కొనడం మొదలుపెట్టాం. ఆకుకూరలు తెచ్చిన రోజో మర్నాడో వండేసి, క్యాబేజీ, క్యారెట్ వంటివి చివరికి ఉంచుతాం. కత్తిపీట పని నాది.

దీనివల్ల ఎక్కువ మేలు మా అబ్బాయికి జరిగింది. కొత్త కూర పిల్లలకు అలవాటు కావాలంటే చాలాసార్లు, ఒక్కోసారి పది సార్లయినా, కంచంలో పెట్టి రుచి చూపించాల్సి వస్తుంది. అంతకుముందు మా ఇంట్లో బీన్స్ వాడికి నెలకు ఒకసారి కనిపిస్తే గొప్ప. ఇప్పుడు వాడు నేను తరుగుతుండగానే పచ్చి ముక్కలు తీసుకుని తినేస్తున్నాడు.