రెండోసారి అడిగితే మధ్యలోంచి మొదలవుతున్న సీక్వెన్స్: సమాధానం

తమ్ముడూ, నీ కాటలాన్ సీక్వెన్స్ (పాత పదాల నుంచే కొత్త పదం వచ్చే సంఖ్యల వరుస) మొదటిసారి 1, 1, 2, 5, 14 ఇచ్చి, మళ్లీ అడిగితే 42 నుంచి మొదలవుతోందన్నావు. నీ లెక్కలో తప్పు లేదు. పైథాన్ జనరేటర్, అంటే అడిగినప్పుడల్లా ఒక్కో విలువ ఇచ్చేది, ముందుకే పోతుంది, ఇచ్చేసిన విలువను దాచుకోదు.

జనరేటర్‌ని నేరుగా బయటికి ఇవ్వకు. ఒక క్లాస్ రాసి, లోపల జనరేటర్‌తో పాటు ఒక లిస్ట్ పెట్టు. n-వ పదం అడిగితే ముందు లిస్ట్‌లో చూడాలి, లేకపోతే అక్కడిదాకా లాగి లిస్ట్‌లో చేర్చాలి. దీని అసలు లాభం వేరే ఉంది. ఈ సంఖ్యలే x ఘాతాల గుణకాలుగా ఉన్న కాటలాన్ శ్రేణి C = 1 + xC² కదా, అంటే తనని తానే వాడుకుంటుంది. కొత్త పదానికి పాత పదాలే చాలు కాబట్టి, అవి లిస్ట్‌లో ఉంటే ఈ సమీకరణాన్నే దాదాపు ఉన్నదున్నట్టు కోడ్‌గా రాయొచ్చు. నాకు ఈ పద్ధతిలో బాగా నచ్చేది ఇదే. దాచకపోతే మాత్రం అవే పదాలు పదేపదే లెక్కించి సిస్టమ్ నీరసపడిపోతుంది.

5000వ పదం ఒకేసారి రికర్షన్‌తో (ఫంక్షన్ తనని తానే పిలుచుకుంటూ) అడగకు, అలాంటి పిలుపులకు పైథాన్ మామూలు పరిమితి 1000 దగ్గరే ఎర్రర్ వస్తుంది. కింద నుంచి వరసగా నింపు.

రెండు అనంత సీక్వెన్సులు సమానమా అని == లో ఒక్కో పదం పోల్చుకుంటూ పోయే లూప్ ఉంటే అదీ తీసెయ్. సమానమైతే ఆ లూప్ ఎప్పటికీ ఆగదు. "మొదటి 50 పదాలు సమానమా" అనే ఫంక్షన్ రాయి, పేరులోనే ఆ సంగతి తెలియాలి.

నువ్వూ వైజాగే అన్నావు కదా, ఇంకా తేలకపోతే ఆదివారం సాయంత్రం సిరిపురం వైపు ల్యాప్‌టాప్ పట్టుకురా, కూర్చుని చూద్దాం.