సభ్యులు పెరిగాక గ్రూపు నాణ్యత ఎందుకు పడిపోతుంది?

"మా మిద్దెతోట గ్రూపులో రెండొందల మంది ఉన్నప్పుడు మంచి సలహాలొచ్చేవి. ఇరవై వేలు దాటాక గుడ్ మార్నింగ్‌లే మిగిలాయి. ఏం చేయాలి?" అని ఒకరు అడిగారు.

ఇది పాత జబ్బే. ఇంటర్నెట్ తొలినాళ్ల చర్చావేదిక యూజ్‌నెట్‌లోకి ఏటా సెప్టెంబరులో అమెరికా కాలేజీల కొత్త విద్యార్థులు వచ్చిపడేవారు. కొన్నాళ్లు గోల చేసి, పాతవాళ్లను చూసి సర్దుకునేవారు. 1993-94లో ఏఓఎల్ లాంటి ఇంటర్నెట్ కంపెనీల ఖాతాదారులూ రావడంతో ఆ తాకిడికి విరామం లేకుండా పోయింది. నేర్పేవాళ్లు చాల్లేదు. ఆ సెప్టెంబరు ఇంకా ముగియలేదని ఇప్పటికీ జోక్ వేస్తుంటారు.

2008లో మొదలైన స్టాక్ ఓవర్‌ఫ్లో అనే ప్రోగ్రామర్ల ప్రశ్నోత్తరాల సైటు, సభ్యులకు హక్కుల్ని మెట్లు మెట్లుగా ఇచ్చింది. ప్రశ్న ఎవరైనా అడగొచ్చు. బాగుందని ఓటేయాలంటే, మన రాతల్ని ఇతరులు మెచ్చితే వచ్చే పాయింట్లు 15, బాగాలేదనాలంటే 125, ఇతరుల రాతను నేరుగా దిద్దాలంటే 2,000 ఉండాలని పెట్టింది. నాణ్యత నిలిచింది కానీ కొత్తవాళ్లను కసురుకుంటారనే చెడ్డపేరూ వచ్చింది. 2018లో ఆ సంస్థే అది ఒప్పుకుంది.

మీకు పాయింట్ల గొడవ అక్కర్లేదు. కొత్తవాళ్ల పోస్టులు మొదటి నెల అడ్మిన్ చూశాకే వెళ్లనివ్వండి. "ఆకులు ముడుచుకుపోతున్నాయి, హెల్ప్" అని వస్తే తీసేయకుండా, ఏ మొక్క, ఎండ ఎన్ని గంటలు, ముడత పైకా కిందికా అని అడగండి. మిరపలో పైముడతైతే తామర పురుగు, కిందిముడతైతే నల్లి అయ్యుండొచ్చు. ఆ ప్రశ్నల్నే పైన పిన్ చేయండి. గుడ్ మార్నింగ్‌లంటారా, మొహమాటం లేకుండా డిలీట్ కొట్టండి. బాగా జవాబులిచ్చే ఆ పదిమందీ విసుగొస్తే చెప్పకుండానే వెళ్లిపోతారు.