ధరల మీద వ్యాసం రాస్తున్న కోడలికి

చి॥ కోడలికి మామయ్య ఆశీస్సులు.

నువ్వు పంపిన వ్యాసం చదివాను. గ్రూప్-1 మెయిన్స్‌కి ఈ మాత్రం చాలని మీ కోచింగ్ సార్ అన్నారట. నాకైతే చాలదనిపించింది. గిరాకీ, ఖర్చులు, డబ్బు సరఫరా అని మూడు కారణాలు వరసగా పేర్చి వదిలేశావు. అవి ఏ దేశానికైనా, ఏ కాలానికైనా అతుకుతాయి. ప్రశ్న అది కాదమ్మా. 2009 నుంచి 2014 దాకా మన దేశంలో ధరల పెరుగుదల ఎందుకు తగ్గలేదు, చివరికి ఎలా తగ్గింది అని. దేనివల్ల మొదలైంది, దేనివల్ల అన్నేళ్లు సాగింది, ముందు ఈ రెండూ విడదియ్యి.

మొదలు సంగతి ఒక పేరాలో తేల్చెయ్యి. 2008 సంక్షోభానికి బెదిరి కేంద్రం పన్నులు తగ్గించి ఖర్చు పెంచింది. ద్రవ్యలోటు, అంటే రాబడిని మించి సర్కారు చేసే ఖర్చు, ఏడాదిలోనే జీడీపీలో 2.5 శాతం నుంచి 6 శాతానికి ఎగిరింది. రిజర్వు బ్యాంకు రెపో రేటును, అంటే తాను బ్యాంకులకిచ్చే అప్పు మీద వడ్డీని, 4.75 శాతానికి దించింది. 2009లో వానలు మామూలు కన్నా 22 శాతం తక్కువ పడ్డాయి. ఆపైన ముడి చమురు బ్యారెల్ 100 డాలర్లు దాటి అక్కడే తిష్ఠ వేసింది.

సాగడం దగ్గరే నీకు మార్కులు. అప్పటి రిజర్వు బ్యాంకు గవర్నర్ మన దువ్వూరి సుబ్బారావు గారు 2010 మార్చి నుంచి 2011 అక్టోబరు దాకా 13 సార్లు రేటు పెంచి 8.5కి తెచ్చారు. అయినా ధరలు ఎందుకు మాట వినలేదు? ఒక ఇంటి లెక్క వేసి చూపించు. లక్ష రూపాయలు 9 శాతానికి ఎఫ్‌డీ వేస్తే ఏడాదికి లక్షా తొమ్మిది వేలు వస్తుంది. లక్షకు వచ్చే సరుకులు ఆలోగా 10 శాతం పెరిగితే లక్షా పది వేలు పెట్టాలి. దాచుకున్నందుకు వెయ్యి రూపాయలు నష్టం, వడ్డీ మీద పన్ను అదనం. ఇక ఎఫ్‌డీ ఎవరు వేస్తారు? జనం బంగారం కొట్ల మీద పడ్డారు. దిగుమతయ్యే ఆ బంగారమూ, చమురూ కలిసి 2012-13లో కరెంటు ఖాతా లోటును, అంటే విదేశాలకు మనం చెల్లించేది వచ్చేదాన్ని మించిన మొత్తాన్ని, జీడీపీలో 4.8 శాతానికి తీసుకెళ్లాయి. 2013 ఆగస్టులో డాలరు 68 రూపాయలు దాటింది, దిగుమతులు మళ్లీ ప్రియమయ్యాయి. నీ వ్యాసంలో ఈ గొలుసే లేదు. వచ్చే ఏడాదీ పది శాతం తప్పదని అందరికీ స్థిరపడిపోయాక కూలి ఆ లెక్కనే అడిగారు, అద్దె ఆ లెక్కనే పెంచారు.

రిజర్వు బ్యాంకు బ్రేకు తొక్కుతుంటే ఢిల్లీ మాత్రం డీజిల్‌కు సబ్సిడీ ఇస్తూ ఖర్చు చేస్తూ పోయిందని కూడా రాయి. రేట్లు తగ్గించలేదన్న అసహనంతో 2012 అక్టోబరులో అప్పటి ఆర్థిక మంత్రి చిదంబరం గారు, వృద్ధి కోసం ప్రభుత్వం ఒంటరిగానైనా నడుస్తుందన్నారు. ఈ ముక్క పెడితే పేపరు దిద్దేవారు ఆగి చదువుతారు.

మద్దతు ధర గురించి కాస్త జాగ్రత్త. 2012-13లో సాధారణ రకం వడ్ల మద్దతు ధర క్వింటాలుకు 1,080 రూపాయల నుంచి 1,250కి పెరిగిన మాట నిజమే. కానీ రైతే ధరలు పెంచాడన్నట్టు రాశావు, అది కొట్టెయ్యి. ఎరువులూ, కూలీ ఎంత పెరిగాయో మీ నాన్నని అడిగితే చెబుతాడు.

ముగింపులో రఘురామ్ రాజన్ గారిని ఒక్కణ్నే హీరోని చెయ్యకు. ఆయన 2013 సెప్టెంబరులో గవర్నర్‌గా వచ్చి, 2014 జనవరికల్లా రేటును 8 చేసి, ఏడాదిపాటు కదపలేదు. రిజర్వు బ్యాంకు వేసిన ఊర్జిత్ పటేల్ కమిటీ, ధరల పెరుగుదల ఏడాదిలో 8, రెండేళ్లలో 6 శాతానికి దిగాలని మెట్లు కట్టింది. మరోపక్క మద్దతు ధర పెంపు క్వింటాలుకు 50, 60 రూపాయలకు తగ్గింది. 2014 మధ్య నుంచి చమురు కూలి, జనవరికి 50 డాలర్ల లోపుకొచ్చింది. అదృష్టం పాలు ఎక్కువేనని నా అభిప్రాయం. కానీ చమురు దిగినా వెంటనే రేట్లు తెగ్గొట్టకపోవడం అదృష్టం కాదు. కేంద్రానికీ రిజర్వు బ్యాంకుకూ 2015 ఫిబ్రవరిలో కుదిరిన ఒప్పందం, 2016లో రిజర్వు బ్యాంకు చట్ట సవరణ, ధరల పెరుగుదలకు 4 శాతం లక్ష్యం, అటూ ఇటూ 2, ఇవన్నీ రెండు వాక్యాల్లో చాలు.

ఇంకొకటి. టోకు ధరల సూచీనీ, వినియోగదారుల సూచీనీ కలగాపులగం చేశావు. సుబ్బారావు గారి కాలంలో ప్రధానంగా చూసింది టోకు సూచీ, కమిటీ తర్వాత వినియోగదారుల సూచీ. ప్రతి అంకె పక్కనా ఏ సూచీయో రాయి.

సరిచేసి ఆదివారం లోగా పంపు. టైపు చేసింది వద్దు, పెన్నుతో రాసి ఫోటో తియ్యి, ఎంతసేపు పట్టిందో కూడా చెప్పు.

మీ మామయ్య