ఖాళీ కుర్చీ బొమ్మలో చూడడానికి ఏముంది?

ఈ ప్రశ్న తిరుపతి నుంచి అడిగారు కాబట్టి దగ్గరి ఉదాహరణే చెబుతాను. శ్రీకాళహస్తి కలంకారీలో రామాయణం చిత్రించిన గుడ్డ కనిపిస్తే, అందులో పాదుకా పట్టాభిషేకం ఉందేమో వెతకండి. సింహాసనం మీద రాముడు ఉండడు, పాదుకలే ఉంటాయి. అయినా ఆ ఆసనం ఎవరిదని ఎవరూ అడగరు.

డచ్ చిత్రకారుడు వాన్ గో 1888లో వేసిన కుర్చీ బొమ్మ చేసేదీ ఇదే, కాకపోతే అక్కడ దేవుడూ లేడు, రాజూ లేడు. చేతులు లేని మోటు కర్ర కుర్చీ, గడ్డితో అల్లిన సీటు, దాని మీద పైపు, కాస్త పొగాకు. కింద ఎర్ర పలకల నేల. ఆ రోజుల్లోనే మిత్రుడైన చిత్రకారుడు గోగాన్ కుర్చీనీ వేశాడు. దానికి చేతులున్నాయి, సీటు మీద వెలుగుతున్న కొవ్వొత్తి, రెండు నవలలు. రెండు బొమ్మలనూ పక్కపక్కన పెట్టుకుంటే ఇద్దరు మనుషులు కనిపిస్తారు. ముఖాలు గీసినా ఇంత తెలిసేది కాదేమో!

ప్రతి ఖాళీ కుర్చీ బొమ్మలోనూ వేదాంతం ఉండదు లెండి, కొన్ని వట్టి కుర్చీలే. ముందు వస్తువు మీద ఏం వదిలి వెళ్లారో చూడండి, తర్వాత వెలుగు చూడండి. వాన్ గో కుర్చీది పగటి వెలుగు, గోగాన్ కుర్చీది రాత్రి దీపం.