నొప్పి పోయాకే అసలు జాగ్రత్త

అల్లుడూ,

నీ భుజంలో నరం తెగిందని ఊళ్ళో అంటున్నారట. అది నరం కాదురా, కండని ఎముకకి కట్టి ఉంచే టెండన్. డాక్టరుగారు దాన్ని దారాలతో ఎముకకి బిగించారు. ఇప్పుడు పట్టి ఉంచుతున్నవి ఆ దారాలే. టెండన్ ఎముకని పట్టుకోడానికి సుమారు 12 వారాలు కావాలి. నొప్పి అంతకు చాలా ముందే తగ్గిపోతుంది. బాగైపోయిందనుకుని బిందె ఎత్తేది, కుట్టు తెగేది అప్పుడే.

స్లింగ్, అదే చేతిని మెడకి వేలాడదీసే పట్టీ, 6 వారాలు పెట్టుకోమంటే 6 వారాలూ ఉండాలి, నిద్రలో కూడా. వెల్లకిలా పడుకుంటే భుజం లాగేస్తుంది. వసారాలో పడక్కుర్చీ ఉందిగా, అందులో వాలి పడుకో. మోచెయ్యి వెనక్కి జారకుండా కింద మడత దుప్పటి పెట్టు. లేచేటప్పుడు ఆ చేతిమీద ఊతం వెయ్యకు. చొక్కా తొడిగేటప్పుడు ముందు ఆ చెయ్యి, విప్పేటప్పుడు చివర ఆ చెయ్యి.

పిడికిలి బిగించి వదలడం మొదటి రోజునుంచే గంటకి 10 సార్లు చెయ్యి, లేకపోతే వేళ్ళు వాచిపోతాయి.

డాక్టరుగారు సరే అన్నాక ఊగులాట. మంచి చెయ్యి బల్లకి ఆనించి నడుం వంచి, రెండో చెయ్యి బావిలో చేద వేలాడినట్టు వదిలెయ్. ఊపాల్సింది ఒంటిని, చేతిని కాదు. ఒళ్ళు కదిలితే దాంతోపాటే చెయ్యి కంచమంత సున్నా చుడుతుంది. భుజం కండ బిగిసిందంటే నువ్వే ఊపుతున్నావని లెక్క. ఒక నిమిషం, రోజుకి 3 సార్లు చాలు. తర్వాత ఐసు గుడ్డలో చుట్టి 15 నిమిషాలు పెట్టు. మర్నాటికీ సలుపు తగ్గకపోతే ఎక్కువ చేశావన్నమాట.

6 వారాలు దాటాక పడుకుని కర్ర రెండు చేతులా పట్టుకుని ఎత్తు, పని మంచి చేతిదే. భుజం చెవివైపు లేచిపోతుంటే అక్కడే ఆపెయ్. రబ్బరు బ్యాండు లాగడం 12 వారాల తర్వాతే.

నూనె రాసి లాగి సరిచేస్తామనేవాళ్ళని దగ్గరికి రానివ్వకు. చుట్ట మానెయ్, పొగ తాగితే అతుక్కోవాల్సిన చోటికి రక్తం సరిగా అందదు. షుగరుంటే అదుపులో పెట్టుకో, లేకపోతే భుజం పట్టేస్తుంది. జ్వరమొచ్చినా, కుట్ల దగ్గర చీము కారినా, పిక్క వాచినా ఆ రోజే ఆసుపత్రికి వెళ్ళు.

కొబ్బరికాయల దింపు, ఒలుపు 6 నెలలు నిండేదాకా వేరేవాళ్ళ చేత చేయించు. కాయని గునపానికి గుచ్చి తిప్పేటప్పుడు భారమంతా ఆ టెండన్ మీదే పడుతుంది.

గోడమీద వేళ్ళు పాకించమన్న రోజునుంచి ఎంతదాకా అందిందో ప్రతి ఆదివారం బొగ్గుతో గీత పెట్టు. నేనొచ్చినప్పుడు ఆ గీతలు చూస్తాను.

— మావయ్య