ఆ తాతయ్యని కథలోంచి తీసెయ్ తల్లీ

చిట్టితల్లీ,

నువ్వు రాసి పంపిన పిల్లల కథ నలభై పేజీలూ రెండుసార్లు చదివాను, రెండోసారి పక్కింటి పిల్లలిద్దర్నీ కూచోబెట్టుకుని పైకి చదివాను, అసలు సంగతి అక్కడే తెలిసింది. గుహలోకి నీళ్ళొస్తుంటే ఆ పిల్ల చెప్పులు విప్పి చేత్తో పట్టుకుంది అని రాశావు చూడు, అక్కడ చిన్నోడు నా మోకాలు గట్టిగా పట్టేసుకున్నాడు. నువ్వు పేజీన్నర రాసిన రాక్షసుడి కోరలకి కూడా వాడు అంత భయపడలేదు. కానీ వెంటనే తాతయ్య మంత్రదండంతో వచ్చి పిల్లని బయటికి లాగేశాడు కదా, వాడు చెయ్యి తీసేసి "మరి అక్క ఏం చేసింది?" అన్నాడు. ఏం చెప్పను, అక్క ఏమీ చెయ్యలేదు.

అందుకే ఆ తాతయ్యని తీసెయ్. మా అమ్మమ్మ బాలనాగమ్మ కథ చెప్తుంటే అన్నం ముద్ద చేతిలోనే ఎండిపోయేది మాకు, ఏడు సముద్రాల అవతల చిలకలో ఉన్న మాయల ఫకీరు ప్రాణం పట్టుకొచ్చింది రాజులూ సేనాపతులూ కాదు, బాలవర్ధిరాజు, పసివాడు, అందుకే మేం కూడా వాడితోనే వెళ్ళిపోయేవాళ్ళం. నీ కథలో ఆ పిల్ల ఉంగరం కూడా అడిగినవన్నీ ఇచ్చేస్తోంది, ఇంక భయమెక్కడిది? మూడుసార్లే పనిచేస్తుందని పెట్టు, అందులో రెండు ఆ పిల్ల ముందే తమ్ముడి కోసం వాడేసిందని పెట్టు, అప్పుడు గుహలో ఏం చేస్తుందో నీక్కూడా రాసేదాకా తెలీదు.

చాప్టర్లన్నీ "హాయిగా నిద్రపోయారు" అని ముగించకు. చందమామలో దాసరి సుబ్రహ్మణ్యం గారు 1954లో తోకచుక్కతో మొదలుపెట్టి పన్నెండు సీరియల్స్ రాశారు, నెలనెలా సరిగ్గా ప్రమాదం మీదకొచ్చే చోట ఆపేసేవారు, పైన చిత్రా గారి బొమ్మ ఒకటి, ఇంక మళ్ళీ పుస్తకం వచ్చేదాకా మాకు అదే ధ్యాస. అచ్చులో ఆయన పేరు ఉండేది కాదు తెలుసా, మాకు పేరు తెలిసేసరికి మేం పెద్దవాళ్ళమైపోయాం. పబ్లిషర్ దొరక్కపోతే ఇదంతా ఎందుకు పెద్దమ్మా అని అడిగావు కదా, నాకు ఆయనే గుర్తొచ్చారు. పేరు కూడా పడకుండా అన్నేళ్ళు రాయాలంటే రాయడం మీద ఎంత ప్రేముండాలి! నీకూ ఆ ప్రేముంది, ఆ చెప్పులు విప్పించింది అదే. ఆఫీసు టైం మింగేస్తోందంటే పొద్దున్నే అర పేజీ చాలు, వదలకుండా రాయి.

భాష గురించి ఒక్క మాట, "ఆశ్చర్యచకితురాలైంది" అని చదివితే పెద్దది "అంటే ఏంటి" అని నన్ను ఆపింది. నోరెళ్ళబెట్టింది అను, చాలు. మన ఇంట్లో మాట్లాడుకునే తెలుగు ఏ రాక్షసుడికైనా సరిపోతుంది.

గుహ చాప్టర్ ఒక్కటే ముందు మళ్ళీ రాసి ఆదివారం లోపు పంపించు, మిగతావి తర్వాత చూద్దాం. చిన్నోడు రోజూ స్కూల్ నుంచి రాగానే బ్యాగ్ తోనే మా గుమ్మంలోకొచ్చి అక్క బయటికొచ్చిందా అని అడుగుతున్నాడు, ఇంకా నీళ్ళలోనే ఉంది నాన్నా అని చెప్పి పంపిస్తున్నాను.

మీ పెద్దమ్మ