చనిపోవాలనిపిస్తోందని చెప్పే పిల్లలకు ఎలాంటి చికిత్స ఇస్తారు? తల్లిదండ్రులు కూడా వెళ్లాలా?

వెళ్లాలి. ఇంట్లోవాళ్లను బయట కూర్చోబెట్టి చేసే చికిత్స సగమే.

మొదటి రోజునే భద్రతా ప్రణాళిక రాస్తారు. ఆ ఆలోచన వచ్చే ముందు కనిపించే గుర్తులు, అప్పుడు మనసు మళ్లించుకునే పనులు, ఎవరికి ఫోన్ చేయాలి అన్నవి పిల్లల సొంత మాటల్లోనే ఉంటాయి. పురుగుమందులు, మాత్రలు అందకుండా తాళం వేయడం పెద్దల బాధ్యత. దీన్ని వాయిదా వేయకండి.

తర్వాత డయలెక్టికల్ బిహేవియర్ థెరపీ, అంటే తీవ్రమైన ఉద్వేగాలను అదుపు చేసుకునే నైపుణ్యాలు నేర్పే మానసిక చికిత్స. అమెరికన్ మనస్తత్వవేత్త మార్షా లైనహాన్ రూపొందించిన ఈ పద్ధతిని కౌమారంలో ఉన్నవారి కోసం మార్చినప్పుడు తల్లిదండ్రులనూ ఈ నైపుణ్యాలు నేర్పే తరగతిలో కూర్చోబెట్టారు. ఉద్వేగాన్ని తట్టుకోవడం పిల్లలు నేర్చుకుంటే, ‘ఇంత చిన్నదానికేనా’ అనకుండా ఆ బాధ నిజమేనని ఒప్పుకోవడం పెద్దలు నేర్చుకుంటారు. నా దృష్టిలో ఈ రెండోదే కష్టం. 2018లో అమెరికాలో వెలువడిన ఒక పరిశోధనలో, మామూలు ఊరడింపు చికిత్స కంటే ఇది ఆత్మహత్యా ప్రయత్నాలను ఎక్కువగా తగ్గించింది.

అమెరికన్ మనస్తత్వవేత్త గై డైమండ్ బృందం రూపొందించిన అనుబంధ ఆధారిత కుటుంబ చికిత్స మరో ప్రశ్నతో మొదలవుతుంది: అంత బాధలో అమ్మానాన్నల దగ్గరికి ఎందుకు వెళ్లలేకపోయావు? జవాబు వినడానికి తల్లిదండ్రులను ముందుగా విడిగా సిద్ధం చేస్తారు.

చనిపోవాలనిపిస్తోందా అని సూటిగా అడగండి. అడిగితే ఆ ఆలోచన కొత్తగా పుట్టదు. ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలి మానస్ నంబరు 14416కు ఏ వేళనైనా ఉచితంగా ఫోన్ చేయవచ్చు, తెలుగులో మాట్లాడతారు. ప్రమాదం ఇప్పుడే ఉందనిపిస్తే పిల్లలను ఒంటరిగా వదలకుండా ఆసుపత్రికి తీసుకెళ్లండి.